దిగడానికి లేదు

ఏనుగు దారికి అడ్డంగా నిలబడింది. కదిలే ఉద్దేశం దానికి ఉన్నట్టు లేదు.

జీపు డ్రైవరు ఇంజను ఆపేశాడు. దుమ్ము పడకుండా ముఖానికి గుడ్డ కట్టుకున్నాడేమో, గొంతు అందులోంచి సన్నగా వచ్చింది.

"ఎవరూ దిగొద్దు. గట్టిగా మాట్లాడొద్దు. ఒంటరి మగ ఏనుగు. తిక్కది."

టైలరమ్మ గాభరాగా వెనక్కి తిరిగి చూసింది. సన్నటి మట్టిబాట. ఒక పక్క లోయ, ఇంకో పక్క దట్టంగా ముళ్ళ వెదురు. బండి తిప్పడానికి జానెడు చోటు లేదు. జీపుకి పైన కప్పు లేదు. తలుపులంటే మోకాలెత్తు రేకులు.

జీవితమంతా కుట్టుమిషను ముందే గడిపిన మనిషి. మొగుణ్ణి పోరి పోరి ఇన్నాళ్ళకు ఈ ఊరు బయల్దేరదీసింది. పొద్దున గుళ్ళూ మఠాలూ, సాయంత్రం అడవి. గుళ్ళ వరకూ బాగానే గడిచింది.

"మీ మాట విని గదిలో పడుకున్నా బాగుండేదండీ," అని మొగుడి చెవిలో గొణిగింది.

ఆయన హాయిగా నిద్రపోతున్నాడు. పక్కన పిడుగు పడ్డా లేవని ఘటం.

ఇక మిగిలింది వెనక సీటులో ఒక్కతే కూర్చున్న ఆవిడ. గేటు దగ్గర ఖాళీ బండ్లు వస్తున్నా ఎక్కకుండా నిలబడి, ఈ జీపు కదులుతుంటే గబుక్కున ఎక్కేసింది. తల మీంచి శాలువా కప్పుకుంది. అప్పట్నుంచీ నోరు విప్పలేదు.

టైలరమ్మకు భయమేస్తే మాటలు ఎక్కువవుతాయి.

"ఒక్కదానివే వచ్చావా అమ్మాయ్?" అంది గుసగుసగా.

ఆవిడ కాసేపు ఏనుగునే చూసింది. "మా ఆయన కోసం వచ్చాను పిన్నిగారూ."

డ్రైవరు మెడ బిగుసుకుంది. ఏనుగు ఇటే చూస్తోంది కాబోలనుకుని టైలరమ్మ గొంతు ఇంకా తగ్గించింది.

"మీ ఆయన ఈ ఊళ్ళో ఉంటాడా?"

"సన్యాసం పుచ్చుకున్నారు. అప్పటికి మా పిల్లాడికి ఇంకా అడుగులు కూడా పడలేదు. తనని వెతకొద్దని ఎవరితోనో కబురు పెట్టారు. సరే, వెతకలేదు. ఇప్పుడు వాడు నా భుజం దాటాడు."

టైలరమ్మ ఏనుగు సంగతే మర్చిపోయింది.

డ్రైవరు ఉన్నట్టుండి పక్కనున్న రేకు తోసి ఒక కాలు కింద పెట్టాడు. ఏనుగు తొండమెత్తి అడుగు ముందుకేసింది. నేల అదిరింది. అతను చటుక్కున కాలు లోపలికి లాక్కుని స్టీరింగు పట్టుకున్నాడు. చేతులు వణుకుతున్నాయి.

"మనల్ని దిగొద్దని తను దిగుతాడేమిటి! నడిపేవాడే ఇలా వణికితే మన గతేం కాను?" అని టైలరమ్మ గుసగుసలాడింది.

"భయపడకండి. అది మనల్నేమీ చెయ్యదు," అంది ఆవిడ. ఆ గొంతులో మాత్రం వణుకు లేదు.

ఏనుగు వెదురు విరిచి తాపీగా నమలసాగింది. ఎండ చెట్ల పైకి ఎక్కేసింది. దోమలు మొదలయ్యాయి. ముందుకు పోలేరు, వెనక్కి పోలేరు, కాలు చాపుకోవడానికి కూడా లేదు. డ్రైవరు కాలరు చెమటతో తడిసి ముద్దయింది.

"మరి కనిపించాడా?" టైలరమ్మ ఉండబట్టలేకపోయింది.

"మఠాలన్నీ తిరిగాను. అలాంటి మనిషి మా దగ్గర ఎప్పుడూ లేడన్నారు. ఇంటి దగ్గర మా అత్తగారు మంచం పట్టారు. మంచినీళ్ళు కూడా గొంతు దిగట్లేదు. కొడుకుని చూస్తేగానీ పోనని ప్రాణం బిగబట్టుకుని ఉన్నారు."

"దేవుడి పేరు చెప్పి కన్నతల్లినీ కట్టుకున్నదాన్నీ గాలికొదిలేస్తాడా! నా కంటపడనీ, ఆ కాషాయం కత్తిరించి చేతిసంచులు కుట్టిపారేస్తాను."

ఆవిడ మొదటిసారి నవ్వింది. డ్రైవరు తల వంచుకుని కూర్చున్నాడు.

చివరికి ఏనుగుకే విసుగొచ్చింది. వెదురు తోసుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. కొమ్మలు విరిగే చప్పుడు దూరమై, ఆగిపోయింది.

టైలరమ్మ మొగుడు కళ్ళు నులుముకుంటూ లేచాడు. "ఏనుగులేమైనా కనిపించాయా?"

ఆమె చూపంతా ముందు సీటు మీదే ఉంది. డ్రైవరు ఇంకా తాళంచెవి ముట్టుకోలేదు మరి.

"ఏమయ్యా, అది వెళ్ళిపోయిందిగా! ఇంకా దేనికి భయం?"

అతను ముఖానికున్న గుడ్డ ఇంకాస్త పైకి లాక్కున్నాడు.

వెనక సీటావిడ లేచి, ముందుకు వంగి, అతని భుజం మీద చెయ్యి వేసింది.

"ఇక బండి తియ్యండి స్వామీ, అత్తయ్య ఎదురుచూస్తున్నారు."