అద్దంలో ఇద్దరు

"ఎవడు చెప్పినాడ్రా నీకు దీన్ని అచ్చేయమని?"

అంటూనే వీరబ్రహ్మం కుర్చీని ఒక్క తన్ను తన్నాడు. కుర్చీతో సహా గంగాప్రసాద్ వెల్లకిలా పడ్డాడు. తల వెళ్ళి ప్రింటర్ మూలకు కొట్టుకుంది. లేచేలోపే వీరబ్రహ్మం కాలర్ పట్టి పైకి లాగాడు.

అరబ్బు దేశంలోని రూవి బజారులో, మనీ ఎక్స్ఛేంజ్ పైనున్న చిన్న ఆఫీసు అది. కట్టబోయే ఇళ్ళు కట్టాక ఎలా ఉంటాయో కంప్యూటర్లో బొమ్మ చేసి ఇవ్వడం గంగాప్రసాద్ పని. అల్ అమెరాత్‌లో ఆ ఇళ్ళు లేచే సైట్‌కు వీరబ్రహ్మం సూపర్‌వైజర్. ఆఫీసు ఓనరు ఖమరుద్దీన్ మధ్యాహ్నం నమాజుకు మసీదుకు వెళ్ళే వేళ చూసుకునే వచ్చాడు. రాగానే తలుపుకు గడియ పెట్టాడు.

చంకలోని కాగితం చుట్టను బల్ల మీద పరిచాడు. పొద్దున సైట్ ఆఫీసు గోడకు అంటించిన బొమ్మ. విల్లా హాలు. ఖహ్వా కాఫీ కప్పు మీద సన్నటి ఆవిరి. పళ్ళెంలో ఎవరో కొరికి వదిలేసిన ఖర్జూరం. గడప దగ్గర బోర్లా పడ్డ చంటిపిల్ల చెప్పు. మనిషన్నవాడు లేడు గానీ, నవ్వుకుంటూ ఇప్పుడే లేచి లోపలికి పోయినట్టుంది. ఇంటి యజమాని అయితే మురిసి ముక్కలయ్యాడు. "ఆ అద్దం చూడు, అచ్చం అద్దమే!" అని వీరబ్రహ్మం భుజం తట్టాడు.

అప్పుడు చూశాడు వీరబ్రహ్మం ఆ అద్దాన్ని. యజమాని అటు తిరగగానే కాగితాన్ని గోడ మీంచి పీకి చుట్టాడు.

"ఏముందిరా ఇందులో? చెప్పు!" కాగితాన్ని వేలితో పొడిచాడు.

హాలు చివర నేల నుంచి కప్పు దాకా గాజు గోడ. ఆ గాజులో లీలగా ఇద్దరు. ఒకడు రెండు చేతులూ ముందుకు చాచి ఉన్నాడు. ఆ చేతుల ముందు నీలం బట్టల్లో ఇంకొకరు, కాళ్ళు నేలకు ఆనకుండా, గాలిలో.

"అద్దం ఉత్తగుంటే గోడకు బొక్క పెట్టినట్టు కొడ్తదన్నా," అన్నాడు గంగాప్రసాద్, ఊపిరి అందక. "అండ్ల ఏదన్నా నీడ పడితేనే నిజం అద్దం లెక్క ఉంటది. అందుకే ఓ ఫోటో తీస్కొని..."

మూతి మీద పడింది గుద్దు. పెదవి చిట్లి, కీబోర్డు మీద రక్తం చిమ్మింది.

"ఫోటో అని నాకు తెల్దా? ఆ పొద్దు కెమెరా మెడకేసుకుని సైటంతా తిరిగితివి గదా!"

"ఏ పొద్దన్నా?"

"పెంచలయ్య పడిన పొద్దు!"

గంగాప్రసాద్ బిక్కచచ్చి చూశాడు. అద్దాలు బిగించే పెంచలయ్య, ఎప్పుడూ నీలం డ్యూటీ బట్టల్లో ఉండేవాడు, కాలు జారి మేడ మీంచి పడి చనిపోయాడనే సైటంతా అనుకుంది. పోలీసులూ అదే రాసుకున్నారు.

"కాలు జారిండు గదన్నా..."

"నటిస్తాండావా?" బల్ల మీద ప్రింట్లు కోసే కట్టర్ ఉంది. దాన్ని అందుకుని గంగాప్రసాద్ గొంతుకు ఆనించాడు. చర్మం తెగి సన్నటి ఎర్రగీత లేచింది. "ఎవరూ లేరని చూసే తోసినా వాణ్ని. నువ్వు యాడ్నించి తీసినావో! చెరిపెయ్. ఒక్కటి మిగలకూడదు."

"నాకు మొన్ననే పెండ్లయిందన్నా. నా మొఖం జూసి వదిలెయ్."

"వానికీ పెండ్లాముంది. నోరు మూసుకుని ఉంటే వానికీ బతుకుండేది. గట్టి అద్దం బదులు ఉత్త అద్దం బిగిస్తాండామని కంపెనీకి చెప్తాడంట! ఈ చేతుల్తోనే తోసినా."

గంగాప్రసాద్ బొమ్మ, ఫోటో ఫైళ్ళన్నీ చెరిపేశాడు. అదీ చాల్లేదు వీరబ్రహ్మానికి. నెల కిందట కొన్న ఎల్‌సీడీ మానిటర్ ఎత్తి నేలకేసి కొట్టాడు. అది పగిలిన చప్పుడుకు ప్రాణం కొంచెం తెరిపిన పడింది. బల్ల మీది కాగితాన్ని అడ్డంగా చింపి విసిరేశాడు.

లోపలి క్యాబిన్ తలుపు తెరుచుకుంది. చేతిలో ఫోన్‌తో ఖమరుద్దీన్.

"మోకాలి నొప్పని ఈ పొద్దు ఈడనే చాప పరుచుకున్నా బ్రహ్మం," అన్నాడు నెమ్మదిగా. "అంతా ఇనపడింది. పోలీసులకూ అరబ్బీలో చెప్పినా, లైన్‌లోనే ఉండారు."

వీరబ్రహ్మం కట్టర్ ఎత్తి మీదికి దూకాడు. గంగాప్రసాద్ కెమెరా స్టాండ్ తిప్పి కొట్టాడు. మణికట్టు ఫట్‌మంది. కట్టర్ ఎగిరి అవతల పడింది. ఇద్దరూ కలిసి అతణ్ని గాజు పెంకుల మీదే బోర్లా తొక్కిపట్టి, ప్రింటర్ వైరుతో చేతులు కట్టారు.

"ఫోటో ఇంక లేదు," రొప్పుతూ నవ్వాడు వీరబ్రహ్మం. "ఏం చూపిస్తారు?"

తలుపు చప్పుడైంది. పోలీసులే అనుకుని ఖమరుద్దీన్ గడియ తీశాడు.

గుమ్మంలో గంగాప్రసాద్ భార్య సంగీత. నీలం చుడీదార్, చేతిలో టిఫిన్ క్యారియర్. మొదటిసారి ఆఫీసుకు అన్నం తెచ్చిన సంబరం ముఖం నిండా ఉంది. మొగుడి రక్తం చూడగానే అది ఎగిరిపోయింది. క్యారియర్ అక్కడే వదిలేసి పరుగున వచ్చి, చున్నీతో పెదవి అదిమింది.

"గా కాగితం కోసమే కొట్టిండు," అన్నాడు గంగాప్రసాద్. "అద్దంల ఆయన పెంచలయ్యను తోస్తున్నట్టు ఉన్నదట."

సంగీత వీరబ్రహ్మం చెంప కింద పడున్న కాగితం ముక్కను సర్రున లాగింది. ఏడుపు మధ్యలోనే వెలుతురుకు పెట్టి చూసింది.

"అయ్యో, ఇది ఖురుం పార్కుల నువ్వు నన్ను ఊపంగ మన పక్కింటి నసీమక్క తీసిన ఫోటో గదయ్యా... ఉయ్యాల గొలుసులేవి?"