గోరింక కొమ్మ కింది ఉడత

మన ఒంట్లో ఒక అడవి ఉంది. కాలివేలి నుంచి వెన్ను గట్టు దాకా, అక్కణ్ణుంచి తల కొండ దాకా, చెట్టుకో గోరింక. అవే నాడీకణాలు. ఒకటి కూస్తే ఆ కూత సందు దాటి పక్కచెట్టు గోరింకకు చేరాలి. కబురు తెగకూడదని గోరింకలు కొమ్మ దిగవు. వాటికి పండ్లు తెచ్చేదీ, గూళ్ళు ఊడ్చేదీ ఉడతలు. అవి నాడీకణాలను సాకే కణాలు.

మోకాలి గోరింకకి పొగరెక్కువ. "ఏమే ఉడతా, పుట్టాక ఒక్క కబురైనా మోశావా?" అంది.

"లేదమ్మా. నీ గూడు ఊడ్చేసరికే పొద్దుపోతోంది," అంది ఉడత నడుం పట్టుకుని.

"ఊడవడమూ ఒక పనేనా!"

అలసిన ఉడత చెట్టు మొదట్లో ఒరిగిపోయింది.

మర్నాడు కాలు నిప్పుకణిక మీద పడింది. "కాలుతోంది!" అని కింది గోరింక అరిచింది. మోకాలి గోరింక నోరు తెరిచింది. ఉడత పండు తేక నిన్నటి నుంచి పస్తు, కూత సందు దాటలేదు. కింద కమురు వాసన.

ఉడత లేచి, తన కోసం దాచుకున్న పండుతో మెల్లగా పైకి పాకింది. గోరింక మింగి, కూసింది. కూత గట్టుకు తగలగానే కాలు చటుక్కున వెనక్కొచ్చింది.

"శభాష్ గోరింకా!" అంది కొండ.

గోరింకకి సిగ్గేసింది. కిందికి వంగి, "ఉడతక్కా, నువ్వు తిన్నావా?" అంది.

ఉడత అప్పటికే కొమ్మ కింద నిద్రపోయింది. ఇంకో కబురు అప్పుడే రాకూడదని కోరుకుంటూ గోరింక చప్పుడు చేయకుండా కూర్చుంది.