మసి తుడిచిన ఇంజన్

నా కొడుకు శ్రీశైలం నా మూతి మీద గుద్దాడు. పెదవి చిట్లి, ముందుపన్ను ఊడి, బనియన్ అంతా నెత్తురయింది.

తాండూరు నాపరాయి గనిలో భుజం మీద బండ పడ్డప్పటి నుంచి వాడి కుడిచేయి లేవదు. వికారాబాద్‌లో మా ఇంట్లోనే బొగ్గింజన్ల బొమ్మలు చేస్తుంటాడు. నల్లగా మెరిసే ఇంజన్ మీద, అచ్చం పాత బండిలా కనబడాలని, ఎడమచేత్తో ఎయిర్‌బ్రష్ పట్టి మసి రంగు, తుప్పు రంగు చల్లాడు. వయసులో రైల్వేలో అసలు ఇంజన్లు తుడిచినవాణ్ని, మురికి చూసి ఊరుకుంటానా? కిరసనాయిలు గుడ్డతో తుడిచి తళతళలాడించాను.

అది చూసి పులిలా దూకాడు.

"అంత ఖరాబ్ జేస్తివి గదనే నాయినా!"

గుద్దుకు గోడకు కొట్టుకుని పడ్డాను. లేవబోతే మళ్లీ గుద్దాడు.

"అయ్యను కొడ్తవారా, సచ్చినోడా!" మా ఇంటామె వాడి జుట్టు పట్టి గుంజింది.

"ఇడువే వాన్ని!" నెత్తురు ఉమ్మి పకపకా నవ్వాను. "ఏ చెయ్యితోని గుద్దిండో సూడు!"

అప్పుడే వాడూ చూసుకున్నాడు. కుడిచేయి పిడికిలి ఇంకా బిగిసే ఉంది.

"నాకింక మస్తు పండ్లున్నయి కొడుకా, గుద్దు!"