గోల్ వెనక అరుపు

"కుక్కను తన్నితే కేసా?"

సంతోష్ అరుపుకు తాండూర్ బస్టాండ్ పక్క హోటల్లో చాయ్ తాగుతున్నవాళ్లంతా తిరిగి చూశారు.

"కేసే! ఫైజ్ అన్న మీద క్రిమినల్ కేసు! అదీ ఆదివారం ఫైనల్ పెట్టుకొని!" అన్నాడు కౌశిక్. ఫోన్ బల్లకేసి కొట్టినంత పని చేశాడు.

ఫైజ్ అంటే తాండూర్ ఫుట్‌బాల్ టీం స్ట్రయికర్. అతని ఎడమకాలంటే ఊళ్లో కుర్రాళ్లకు ప్రాణం.

సొంత గ్రౌండ్‌లో జరిగిన సెమీఫైనల్లో ఫైజ్ పెనాల్టీ మిస్ చేశాడు. మ్యాచ్ ఎలాగో గట్టెక్కింది గానీ అతని కోపం చల్లారలేదు. గోల్ పోస్ట్ వెనక పడుకున్న వీధికుక్కను ఈడ్చి ఒక్క తన్ను తన్నాడు. దాని నడుం విరిగింది.

"ఇంతకూ పెట్టిందెవరు?"

"షమ్సున్నీసా అని ఎవరో టీచరంట. తన్నింది వీడియో గూడ తీసిందంట. వికారాబాద్ ఆమె."

వికారాబాద్!

ఫైనల్ ఆడాల్సింది వికారాబాద్‌తోనే. ఇంకేం కావాలి?

"కావాల్నని పంపిండ్రు రా! మనోణ్ని ఆపనీకి!"

కౌశిక్ వెంటనే 'ఫైజ్ గోల్స్' పేజీ తెరిచాడు. ఫైజ్‌ను జిల్లా అంతటికీ చూపించింది ఆ పేజీయే. గోల్ పడ్డ కాసేపటికే వీడియో అందులో ఉండేది. నడిపేదెవరో ఎవరూ చూడలేదు. అందరికీ 'అడ్మిన్ అన్న', అంతే.

ఆ వీడియోల్లో ఒక తమాషా ఉంది. బంతి వలలో పడగానే దగ్గర్లో ఎక్కడో ఒక కుక్క సంబరంగా "భౌ! భౌ!" అంటుంది. కనిపించదు, వినిపిస్తుంది. అది విని విని తాండూర్ కుర్రాళ్లకు అదే నినాదమైపోయింది. గోల్ పడితే వేరే ఊళ్లవాళ్లు ఈలలేస్తారు, వీళ్లు మొరుగుతారు. మొదట మొరిగేది కౌశికే.

'అడ్మిన్ అన్నా, గా మేడం మీద గట్టిగ ఒక పోస్ట్ పెట్టు' అని మెసేజ్ కొట్టాడు.

చూసినట్టు గుర్తు పడింది. జవాబు మాత్రం రాలేదు.

"అన్న గూడ మస్తు పరేషాన్ల ఉన్నట్టున్నడు" అన్నాడు సంతోష్.

మర్నాడు సాయంత్రం కబురొచ్చింది. ఆమె పోలీసులకు వాంగ్మూలం ఇచ్చి, వికారాబాద్ రైలు కోసం ప్లాట్‌ఫాం మీద కూర్చుందట.

గుంపు కదిలింది.

నల్ల బుర్ఖాలో పెద్దావిడ. ఒళ్లో స్టీలు డబ్బా. మూత నిలవదేమో, ఎర్ర దారంతో కట్టి ఉంది.

"మేడం, కేసు వాపస్ తీసుకోండ్రి" అన్నాడు కౌశిక్.

"తీసుకోను బేటా."

"గల్లీ కుక్క కోసం మా ప్లేయర్ జిందగీ ఖరాబ్ చేస్తరా?"

"ఆడనియ్యొద్దని నేనెక్కడ రాసిన? తన్నిండు అని రాసిన. తన్నలేదా?"

"కోపంల ఏదో అయింది!"

"పెనాల్టీ షోకు కోసం కుడికాలుతోని కొట్టిండు, తప్పిండు. కుక్కను ఎడమకాలుతోని తన్నిండు. గా కాలుకు ఎంత బలమున్నదో ఫైజ్‌కు ఎర్కలేదా?"

కౌశిక్‌కు ఒళ్లు మండిపోయింది. ఫైజ్ కాళ్ల గురించి తమకు చెప్తోంది! తమకు!

"ఫుట్‌బాల్ గురించి నీకేం ఎర్క? ఎప్పుడన్న ఒక్క మ్యాచ్ చూసినవా?"

'మీరు' కాస్తా 'నువ్వు' అయిపోయింది.

ఆమె నవ్వబోయి ఆగింది.

"పొద్దుగాల పానం ఇడిసింది" అంది మెల్లగా.

"ఎవరు?"

"కుక్క."

వెనక ఎవడో కిసుక్కుమన్నాడు.

రైలొచ్చింది. ఆమె డబ్బా పట్టుకుని లేచింది. ఊరికే పోనిస్తే ఎట్లా? కౌశిక్ నోటి చుట్టూ రెండు చేతులూ పెట్టుకుని మొదలుపెట్టాడు.

"భౌ! భౌ!"

గుంపంతా అందుకుంది. ప్లాట్‌ఫాం దద్దరిల్లింది.

మెట్టు మీద కాలు పెట్టిన ఆమె గిరుక్కున తిరిగింది. కళ్లు వాళ్ల మీద ఆగలేదు. కిందికి పోయాయి, ఇప్పటిదాకా కూర్చున్న బెంచీ కిందికి.

అక్కడేం లేదు.

"గట్ల అరవకుండ్రి బేటా" అంది. "తిట్టుండ్రి, ఫికర్ లేదు. గట్ల మాత్రం జర... అరవకుండ్రి."

వాళ్లు ఇంకా గట్టిగా అరిచారు, రైలు కదిలి కనుమరుగయ్యేదాకా.

ఆదివారం ఫైనల్ వికారాబాద్‌లో. పోలీసులు నోటీసిచ్చి వదలడంతో ఫైజ్ ఆడాడు. ఎడమకాలుతోనే గోల్ కొట్టాడు. కప్పు తాండూర్‌ది! వికారాబాద్ గడ్డ మీద వీళ్లు మొరిగిన మొరుగుడికి గొంతులు బొంగురుపోయాయి.

తిరుగు రైల్లో అందరి చేతుల్లో ఫోన్లే. అందరి ఫోన్లలో 'ఫైజ్ గోల్స్' పేజీయే.

వీడియో లేదు.

"అడ్మిన్ అన్న ఇయ్యాల రాలేదారా?"

"ఫైనల్‌కు రాకుండ ఉంటడా? ఆగు, పెడ్తడు."

తాండూర్ వస్తోందనగా ఫోన్లన్నీ ఒక్కసారే మోగాయి.

"పెట్టిండు! పెట్టిండు!"

గోల్ కాదు. ఫోటో. గోల్ పోస్ట్ వెనక గడ్డిలో, నాలుక బయటపెట్టి, ఆట వైపే చూస్తున్న ఒక వీధికుక్క. కింద చిన్న రాత: 'మీరు గోల్ పడ్డప్పుడు అరిచే అరుపు దీనిది. ఇగ ఇది లేదు. పేజీ బంద్.'

కుక్క తల దేనిమీదో ఆనుకుని ఉంది.

కౌశిక్ వేళ్లతో ఫోటోను పెద్దది చేశాడు: నల్ల బుర్ఖా ఒడి, ఆ పక్కనే ఎర్ర దారంతో మూత కట్టిన స్టీలు డబ్బా.