ఆరు వందల కిలోమీటర్ల టైరు

“ఇరవై అయిదు మిల్లీమీటర్లు. అంతకన్నా లావు టైరు నోల్వెనక్క చేతిలో పెడితే నేనూరుకోను” అన్నాడు లోయిక్.

నోల్వెన్ టైరును బొటనవేలితో నొక్కి చూసింది. కొత్త రబ్బరు వాసన గుప్పుమంది.

గురువారం పొద్దున ఎర్వాన్ సైకిల్ కొట్టులో క్లబ్బువాళ్లకు కాఫీ ఊరికే. టైర్ల గొడవా ఊరికే. సన్నవి గొప్పవా, లావువి గొప్పవా అని ఆ ఊళ్లో పెళ్లి విందుల్లో కూడా బల్లలు విడిపోయాయి.

నోల్వెన్‌కి అరవై నాలుగేళ్లు. పారిస్ నుంచి బ్రెస్ట్‌కి, మళ్లీ వెనక్కి, పన్నెండు వందల కిలోమీటర్ల సవారీ నాలుగేళ్లకోసారి వస్తుంది. ఈ ఆగస్టులో ఉంది. అందులోకి రానివ్వాలంటే ముందు రెండు వందలు, మూడు వందలు, నాలుగు వందలు, ఆరు వందలు తొక్కి చూపాలి. మొదటి మూడూ అయ్యాయి. ఆరు వందలు ఎల్లుండి. నలభై గంటల్లో ముగించాలి. అది తప్పితే మళ్లీ అరవై ఎనిమిదో ఏటనే.

ఇన్నాళ్లూ అన్నీ ఆమె భర్త జాకెజ్ చూసుకునేవాడు. మొన్న మెట్ల మీద జారి భుజం విరగ్గొట్టుకున్నాడు. ఇప్పుడు ఎంచుకోవలసింది తనే. సాయం కావాలని ఎర్వాన్ క్లబ్బు బోర్డు మీద చీటీ అంటించాడు. ముగ్గురు వచ్చారు.

“రాయిలా గాలి కొట్టాలక్కా” అన్నాడు లోయిక్. “బాణంలా పోతుంది. ముప్పై గంటల్లో ఇంటికొచ్చేయొచ్చు.”

“తినడానికి ఆగవా?”

“జేబులోంచి తీసి నములుతూ తొక్కడమే.”

“మరి నడుము?”

“నడుముకేం, రెండ్రోజుల్లో అదే సర్దుకుంటుంది.”

“నీది సర్దుకుంటుంది నాయనా” అంది నోల్వెన్.

లెక్కల మాస్టారు ఫాంష్ గొంతు సవరించుకున్నాడు. కాగితాలు గలగలలాడాయి. “ఇరవై ఎనిమిది. నేను తూచి చూశానమ్మా. ముప్పై రెండు కన్నా టైరుకి నలభై గ్రాములు తక్కువ.”

“నలభై గ్రాములంటే ఎంత మాస్టారూ?”

“కోడిగుడ్డు కన్నా కాస్త తక్కువ.”

“పొద్దున మా ఆయన మూడు గుడ్లు కొట్టి అట్టు వేశాడు. ఒంటి చేత్తోనే. తినేదాకా వదల్లేదు.”

ఎర్వాన్ గట్టిగా దగ్గాడు. నవ్వొస్తే దగ్గడం అతని అలవాటు.

“గుడ్ల సంగతి లెక్కలో వేయలేదే” అని మాస్టారు మళ్లీ కాగితాలు తిరగేశాడు.

చేపల వ్యాను నడిపే తాంగీ నోరు తెరవకపోయినా, అతను వచ్చాడని అతని కోటు వాసనే చెబుతుంది.

“నువ్వేమంటావు తమ్ముడూ?” అంది నోల్వెన్ మూల వైపు తిరిగి.

“టైరు సంగతి తర్వాత. పోయిన నాలుగు వందల్లో మీకు ఎక్కడ నొప్పెట్టింది?”

ఆ మాట ఇంతవరకు ఎవరూ అడగలేదు.

“నడుము. మణికట్లు. గుంత వస్తోందని ముందే తెలిస్తే సీటు మీంచి కాస్త లేస్తాం. తెలియకుండా వస్తేనే దెబ్బ.”

“అయితే ముప్పై రెండు. గాలి కొంచెం తగ్గించాలి. కొండ రోడ్ల మీద ఈ వారమే కంకర పోశారు. నా వ్యానులో చచ్చిన చేపలే ఎగిరిపడుతున్నాయి.”

“వీడి మాట వినకక్కా” అని నవ్వాడు లోయిక్. “గుంత కనబడితే చాలు, ‘గుంత’ అని అరుస్తాడు.”

“గుంపులో అందరూ అరుస్తారుగా, వెనకవాళ్ల కోసం” అంది నోల్వెన్.

“వీడు ఒక్కడే పోతున్నా అరుస్తాడు. వెనక పురుగు కూడా ఉండదు.”

తాంగీ బూట్లు నేల మీద రాచుకున్నాయి. “అలవాటైపోయింది. మొన్న ఆవులు తలెత్తి చూశాయి.”

“ఎడమో కుడో కూడా చెబుతావా?” అని అడిగింది నోల్వెన్.

“చెప్పకపోతే అరిచి ఏం లాభం?”

చేతిలోని టైరు బల్ల మీద పెట్టేసింది. “ముప్పై రెండే” అంది.

“కట్టివ్వు ఎర్వాన్” అన్నాడు మాస్టారు నీరసంగా.

ఎర్వాన్ మళ్లీ దగ్గాడు. కదల్లేదు.

నోల్వెన్ బల్లకు ఆనించిన తెల్లకర్ర అందుకుని, చేపల వాసన వస్తున్న వైపు నడిచి, తాంగీ మోచెయ్యి వెతికి పట్టుకుంది: “టైర్లు సోమవారమే కొని బిగించేశాంలే తమ్ముడూ, ఈ రోజు నేను ఎంచుకోవడానికి వచ్చింది ఇద్దరు కలిసి తొక్కే మా సైకిల్ మీద ముందు సీట్లో కూర్చుని, కళ్లు లేని నాకు గుంతలు చెప్పేవాణ్ణి.”