పైనుంచి తీసిన ఫొటో

మొక్కజొన్న గుట్టుగా కోయించి, కండెలన్నీ మంచాల కింద దాచి, చేను దున్నించేశాక బావ పంటల బీమాకు దరఖాస్తు పెట్టాడు, వానల్లేక పైరంతా ఎండిపోయిందని. వచ్చి చూద్దామన్నా చేలో గడ్డిపరక లేదు. ఏం బుర్రండీ మనిషిది!

పక్క చేను టైలరమ్మది. బోరు లేక ఆమె పైరు నిజంగానే మాడిపోయింది. ఎండిన చొప్ప పశువులకు వేసేసి పిచ్చిది ఆమె కూడా దున్నించేసింది. పరిహారం రాకపోతే మళ్లీ విత్తనం వేసే దారి లేదు, చేను అమ్ముకోవాల్సిందే. కొనడానికి బావ ఎప్పటినుంచో కాచుకుని ఉన్నాడు.

రెండు దరఖాస్తులూ తేల్చాల్సింది బీమా ఆఫీసులో కొత్తగా చేరిన బామ్మర్ది. ఉపగ్రహం తీసిన ఫొటోలు చూసి పైరు సంగతి చెప్పడం అతని ఉద్యోగం. నేర్చుకోవడం మొదలుపెట్టి మూడు వారాలే అయింది. పైగా నోట్లో నాలుక లేని మనిషి. బావ ఈల వేసుకుంటూ ఆఫీసుకొచ్చి, కుర్చీ లాక్కుని పక్కనే కూర్చున్నాడు.

ఉపగ్రహం అయిదు రోజులకోసారి పైనుంచి వెళుతూ ప్రతి చేనునూ ఫొటో తీస్తుందనీ, పాతవి కూడా భద్రంగా ఉంటాయనీ నసిగాడు బామ్మర్ది. కోతకు ముందు నాటి ఫొటో తెరుస్తుంటే బావకు ముచ్చెమటలు పోశాయి. ఈల ఆగిపోయింది.

ఫొటో తెరుచుకుంది. బావ చేను ఈ గట్టు నుంచి ఆ గట్టుదాకా ఎర్రగా భగ్గుమంటోంది. పక్కన టైలరమ్మ చేను నీలం కలిసిన లేత ఆకుపచ్చగా చల్లగా ఉంది.

బావకు ప్రాణం లేచొచ్చింది. కుర్చీతో సహా గిర్రున ఒక చుట్టు తిరిగాడు.

"చూశావా? ఎలా కాలిపోయిందో! నేను అబద్ధం చెప్పే మనిషినా?"

బామ్మర్ది తల గోక్కున్నాడు. "ఇది నీ చేనేనా, సరిగ్గా చూసుకో బావా. రేపు కాదన్నావంటే నా ఉద్యోగం ఊడుతుంది."

బాట, గట్టు, మూలన రేకుల షెడ్డు, అన్నీ వేలు పెట్టి చూపించాడు బావ. అంతటితో ఊరుకున్నాడా? టైలరమ్మ చేను కూడా పక్కనే కనిపించేలా ప్రింటు తీయమన్నాడు. ఎవరిది ఎండిందో, ఎవరు దొంగ దరఖాస్తు పెట్టారో లోకానికి తెలియాలట. ప్రింటు కింద, రెండు చేలూ ఈ ఫొటోను బట్టే తేల్చమని సొంత దస్తూరీతో రాశాడు. సంతకం చేసి, దాని కింద రెండు గీతలు కూడా గీశాడు.

బామ్మర్ది దాన్ని ఫైల్లో పెట్టి ముద్ర గుద్దాడు. టైలరమ్మకు పరిహారం వస్తుందని ఫోన్ చేయాలంటూ నంబరు వెతకసాగాడు.

"ఆమెకేంటి? నాకు కదరా!"

"కంటికి అందని వెలుగును కూడా పట్టే కెమెరా బావా అది, పైరు ఎంత పచ్చగా ఉంటే ఈ ఫొటోలో అంత ఎర్రగా పడుతుంది."