విప్పేసిన సైకిల్

...పోనీ, రేపు వచ్చినా గడువు దాటిపోయిందని చెప్పేవాడు మెకానిక్. ఆమె ఇవాళే వచ్చింది. గడువు పెట్టింది తనే. పాత సైకిల్ అమ్మడానికి వచ్చిన ప్రతివాళ్లకీ తనే చెబుతాడు: మూడు రోజుల దాకా విప్పను, ఈలోగా మనసు మారితే అదే ధరకి వెనక్కి తీసుకెళ్లండి అని. పదిహేనేళ్లుగా ఆ మాట తప్పలేదు. మరి ఈ ఒక్క సైకిల్‌ని కొన్న పూటే ఎందుకు విప్పేశాడు? మరిచిపోయాననుకుంటే మనసు తేలికపడుతుంది. కానీ మరిచిపోలేదు. బండి చక్రాలు సొట్టపోయిన పళ్లవాడు ఎదురుగా నిలబడి దీని చక్రాలిమ్మని బతిమాలాడు. తర్వాత ఇంకొకడు. ఆ తర్వాత ఇంకొకడు. ఎదురుగా నిలబడిన మనిషికి కాదని చెప్పడం తనకి చేతకాదు. ఇప్పుడు ఈమె నిలబడింది.

"అన్నయ్యా, మిమ్మల్నే!" అంది కుట్టుపని చేసే ఆమె. మొన్న సైకిల్‌కని మెకానిక్ ఇచ్చిన నోట్లు మడత కూడా విప్పకుండా పిడికిట్లో పట్టుకుంది. "మా ఆయన సైకిల్ ఇచ్చేయండి."

మెకానిక్ తల ఎత్తలేదు. ఎత్తితే తన చూపు వెంటే కొక్కేనికి వేలాడుతున్న ఫ్రేము ఆమె కంట కూడా పడుతుంది. పడనే పడింది.

"అదేనా?"

"అదే. హ్యాండిల్ కూడా ఉంది. మిగతావి... పోయాయి."

"పోవడమేమిటి? కాలం చేసినట్టు చెబుతారే!"

"మీరు సంతోషంగానే అమ్మారు కదమ్మా. కుట్టుమిషన్ పక్కన పెడితే గుడ్డలకి గ్రీజు అంటుతోందన్నారు."

"అన్నాను. ఆయన్ని అడక్కుండా అమ్మాను. మొన్నటి నుంచీ మనిషి నోరు విప్పలేదు. తిట్టినా బాగుండేది. పెడితే తింటారు, చెయ్యి కడుక్కుంటారు, సైకిల్ ఆనించే గోడకేసి చూస్తూ కూర్చుంటారు. ఆ గోడకి సవతినై నేనెన్నాళ్లు కాపురం చెయ్యను?"

"సాయంత్రానికి బిగించి పెడతాను, ఆయన్ని తీసుకురండి," అన్నాడు మెకానిక్. అన్నాక తన గొంతు తనకే పరాయిగా వినిపించింది.

పళ్లవాడు సందు మొదట్లోనే దొరికాడు. "బండి నిండా సరుకుంది. చక్రాలు పీకేస్తే ఈ పళ్లన్నీ మీరు నెత్తిన పెట్టుకుని తిరుగుతారా?" అన్నాడు. షాపులో ఉన్న కొత్త చక్రాలు రెండు తెచ్చి బండికి బిగించాక గానీ పాతవి వదల్లేదు.

చైనూ పెడళ్లూ కత్తులకి సాన పట్టేవాడి దగ్గరున్నాయి. "ఇచ్చేటప్పుడు బంగారమన్నారు. ఇప్పుడేమో తిరిగిమ్మంటున్నారు. మీ మాటకంటే నా కత్తులే నయం, పదును పోవడానికి వారమైనా పడుతుంది," అన్నాడు. పక్కనున్నవాళ్లు నవ్వారు. తనూ నవ్వబోయాడు గానీ మొహం సహకరించలేదు. ఎక్కువ డబ్బు చేతిలో పెట్టి వాటిని వెనక్కి తీసుకున్నాడు.

సీటు తీసుకున్న కొరియర్ అతను దాని మీద కూర్చునే ఎదురొచ్చాడు. "నడిరోడ్డు మీద కిందనుంచి సీటు లాగేస్తారా గురువుగారూ? ఇంటిదాకా నిలబడి తొక్కమంటారా?" అంటూనే దిగాడు. దానికి బదులు తను కొత్తదే ఇవ్వాల్సి వచ్చింది.

మధ్యాహ్నం తిండి లేదు. తలప్రాణం తోకకొచ్చింది. ఫ్రేము దించి చక్రాలు ఎక్కిస్తుంటే మెకానిక్‌కి ఒక్కొక్క నట్టు మీదా కోపం వచ్చింది. ఆమె మీద వచ్చింది. తనింకా చూడని ఆమె మొగుడి మీద వచ్చింది. ఒక మనిషి మాట్లాడటానికి ఇంత ఇనుము కావాలా? చిత్రమేమిటంటే, బిగించేకొద్దీ కోపంలో ఏదో కలుస్తోంది. ఇన్నేళ్లుగా ఏ సైకిల్ వచ్చినా తన కంటికి ముందుగానే చక్రాలుగా, చైనుగా, సీటుగా విడిపోయి కనిపించేది. ఇవాళ మొదటిసారి విడిగా ఉన్నవాటిలో సైకిల్ కనిపించింది. ఆఖరి నట్టు బిగించి వెనక చక్రాన్ని ఒక్కసారి తిప్పాడు. గుడ్డ తెచ్చి, ఎవరూ అడక్కుండానే, చక్రాల చువ్వల్ని ఒక్కొక్కటీ తుడిచాడు.

సాయంత్రం ఇద్దరూ వచ్చారు. ఆయన ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతారట. కళ్లజోడు నుదుటి మీదనుంచి కిందికి దించి, సైకిల్ చుట్టూ నెమ్మదిగా తిరిగారు. అచ్చుతప్పు వెతుకుతున్నట్టు వంగి చైను చూశారు. సీటు నొక్కారు. ముందు చక్రం మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయారు. కుట్టుపనామె పైటకొంగు వేలికి చుట్టుకుంటోంది.

"ఎంతకమ్మింది?" అని అడిగారు చివరికి.

మెకానిక్ చెప్పాడు.

"మొత్తం కలిపా?"

"మొత్తం కలిపేనండీ."

ఆయన భార్య వైపు తిరిగారు. మూడు రోజుల మౌనం ఒక్కసారిగా తెగింది. "సైకిల్‌ని ఎవరైనా మొత్తంగా అమ్ముతారటే? నన్నొక్కమాట అడిగి ఉంటే నీ సొమ్మేం పోయేది?"

"అయితే మీ బెంగ... సైకిల్ పోయిందని కాదా?" అంది ఆమె.

"నేను దాన్ని తొక్కి ఎన్నేళ్లయింది!" అని ఆయన మెకానిక్ భుజం మీద ఆప్యాయంగా చెయ్యి వేశారు. "పాపం, చక్కగా తుడిచి పెట్టారు బాబూ. ఊఁ, ఇక విప్పండి. దేనికెంత ఇస్తారో విడివిడిగా చెప్పండి, రాసుకుంటాను."

మెకానిక్ స్పానర్ కింద పెట్టి, ఆ సైకిల్ స్టాండు తన్ని, సీటెక్కి, షాపునీ వాళ్లిద్దర్నీ అక్కడే వదిలేసి, తొక్కుకుంటూ వీధి మలుపు తిరిగిపోయాడు.